తలుపు తట్టే గేమ్: 1908 మూసీ వరద కథకు నెరేటివ్ డిజైన్, ఒక కేస్ స్టడీ

ఈ గేమ్ కథంతా ఒక్క రాత్రిలో జరుగుతుంది. 1908 సెప్టెంబర్ 27 రాత్రి మొదలై 28 పొద్దుటికి అయిపోతుంది. చోటు మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్ పక్కన ఊహించుకున్న ఒక గల్లీ. ఆడేవాళ్ల పాత్ర ఒక భిష్తీ, అంటే మష్క్ అనే తోలుసంచిలో ఇంటింటికీ నీళ్లు పోసేవాడు. తయారు చేస్తున్నది మాదాపూర్‌లో ఒక చిన్న టీమ్. గేమ్ ఇంకా విడుదల కాలేదు కాబట్టి పేరు రాయడం లేదు. నన్ను నెరేటివ్ డిజైనర్‌గా, అంటే ఆటలో కథను అల్లే పనికి, పిలిచేసరికి ఆడగలిగే వెర్షన్ తయారుగా ఉంది. బొమ్మలు బాగున్నాయి, వాన చప్పుడైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒళ్లు తడిసినట్టే ఉంది. "అన్నీ ఉన్నయ్ సార్, కథే ఎవరికీ ఎక్కట్లేదు" అన్నాడు ప్రొడ్యూసర్.

కథకు కావలసిన సరుకుకి మాత్రం కొదవ లేదు. పాత హైదరాబాదీలు తుగ్యానీ సితంబర్ అని చెప్పుకునే వరద అది. మూసీలోకి నీళ్లు వచ్చే ప్రాంతంలో 788 చెరువులుంటే 221 తెగాయి. గొలుసుకట్టు చెరువులు కదా, పైది తెగితే ఆ నీళ్లన్నీ కిందిదాని మీద పడి అదీ తెగుతుంది. ఊళ్లోని వంతెనలు దెబ్బతిన్నాయి, 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. చనిపోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఆ పాత వెర్షన్ ఈ సంగతులన్నీ చెప్పేది, ఒక్కటీ వదిలేది కాదు. మొదట మ్యాప్ మీద వాయిస్ ఓవర్, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలం గురించి ఒక ముచ్చట, ఆ పైన ఒక ముసలమ్మ తన జీవితమంతా చెప్పే పెద్ద సంభాషణ. రాసినవాళ్లకి భాష మీద పట్టుంది, ముసలమ్మ మాటలు విడిగా చదివితే నాకూ నచ్చాయి. కానీ ఫోన్ చేతిలో పట్టుకున్నవాడి బొటనవేలు ఆ మాటల మీద ఆగేది కాదు. టప్ టప్ టప్, తర్వాతి స్క్రీన్.

ఇంటికెళ్లి ఏం చెప్తావు?

ప్లేటెస్ట్ (విడుదలకు ముందు కొందరి చేత ఆడించి చూడడం) అయ్యాక నేను పెద్ద ఫారాలేవీ నింపించను. "ఇంటికెళ్లి మీ ఫ్రెండ్‌కి ఈ గేమ్ గురించి ఏం చెప్తావు?" అని అడిగి ఊరుకుంటాను. "కథ బాగుందా?" అని అడిగితే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. ఇలా అడిగితే వాళ్ల మనసులో ఏం మిగిలిందో అదే బయటికొస్తుంది.

ఈ గేమ్ ఆడినవాళ్లు చెప్పినవి ఇలా ఉన్నాయి. "వంతెన కూలుతుంటే ఇటువైపు దూకిన." "తాడు ఎక్కడుందో దొరకలే." "ఒక మేకను ఎత్తుకున్న, మళ్లీ దించడం రాలే." ఆ చివరిది బగ్. అయినా అదే ఎక్కువమందికి గుర్తుంది! ముసలమ్మ జీవితకథ ఒక్కరి నోటా రాలేదు. అందరి మాటల్లోనూ కర్త "నేను". నేను దూకాను, నేను ఎత్తుకున్నాను. సినిమా చూసొచ్చినవాడు హీరో ఏం చేశాడో చెప్తాడు, గేమ్ ఆడినవాడు తనేం చేశాడో చెప్తాడు. కథను అతని చేతులు చేసే పనిలో పెట్టకపోతే అతను తిరిగి చెప్పే మాటల్లోకి అది రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కథ "త్వరగా, నది పొంగుతోంది" అంటుంటుంది. ఆటలో మాత్రం ఆ ముసలమ్మ వాకిట్లో ఎంతసేపు నిలబడినా నీళ్లు రావు. అల్మారాలన్నీ తెరిచి ఉత్తరాలన్నీ చదువుకోవచ్చు. 2007లో క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ బయోషాక్ గేమ్ మీద రాస్తూ ఇలా కథ ఒకటి చెప్పి ఆట ఇంకొకటి చేయించడాన్ని లూడోనెరేటివ్ డిసొనెన్స్ అన్నాడు. ఆ మాట మీటింగుల్లో వాడితే గొప్పగా వినిపిస్తుంది గానీ, పని మొదలుపెట్టడానికి నాకు పనికొచ్చేది ఒక మామూలు పట్టీ: ఆడేవాళ్లు చేయగల పనులన్నీ క్రియాపదాలుగా రాసుకోవడం.

అక్కడ నాలుగే తేలాయి. నడవడం, మాట్లాడడం, తీసుకోవడం, చదవడం. మరి వరద రాత్రి ఒక భిష్తీ చేసే పనులేవి? తలుపు తట్టడం, మోయడం, ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి పోవడం. ఈ మూడింట్లో ఏదీ ఆటలో లేదు.

కథను చేతుల్లో పెట్టడం ఎలాగో చూపించడానికి టీమ్ చేత 2013లో వచ్చిన బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్ ఆడించాను. అందులో కంట్రోలర్ ఎడమ పక్కంతా అన్నది, కుడి పక్కంతా తమ్ముడిది. తమ్ముడికి నీళ్లంటే భయం, అన్న వీపు పట్టుకునే నది దాటుతాడు. అన్న చనిపోయాక తమ్ముడు ఒంటరిగా నీళ్ల ముందు నిలబడతాడు. అప్పటిదాకా అన్నకు వాడిన బటన్ నొక్కితే తప్ప ఈదలేడు. అర్థమయ్యే డైలాగ్ ఒక్కటీ లేదు. ఆ సీన్ దగ్గర మా ప్రోగ్రామర్ కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇక నేను లెక్చర్ ఇవ్వాల్సిన పని తప్పింది.

మాటకు ఖరీదు

మొదటి మార్పు గడియారం. స్క్రీన్ మీద టైమర్ పెట్టలేదు. గల్లీ చివర నదిలోకి దిగే మెట్లున్నాయి. ఒక్కో మెట్టూ మునుగుతుంది, అంతే. ఎంత టైముందో తెలియాలంటే వెనక్కి తిరిగి మెట్ల వైపు చూడాలి. టైమర్ అంకె చూపిస్తే లెక్కలేసుకుంటారు, మెట్లు చూపిస్తే టెన్షన్ పడతారు.

రెండోది ఆ గడియారాన్ని దేనికి కట్టామన్నది. నడిస్తే నీళ్లు పెరుగుతాయి, తలుపు తడితే పెరుగుతాయి, మాట్లాడినా పెరుగుతాయి. తెరమీద కనిపించే ప్రతి డైలాగుకూ ఇంత నీరు అని ఖర్చుంది. మొత్తం ప్రాజెక్టులో దేనికైనా క్రెడిట్ తీసుకోమంటే నేను దీనికే తీసుకుంటాను. మాట ఉచితంగా దొరికినన్నాళ్లు బొటనవేలు దాన్ని దాటేసింది. ఖరీదు పెట్టగానే అదే మాటను కళ్లప్పగించి చదవడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఇంకో మాట మాట్లాడాలా వద్దా అన్నది ఇప్పుడు వాళ్లు తీసుకోవలసిన నిర్ణయం. రాసేవాళ్లకూ ఇది మంచి కళ్లెం. ముసలమ్మ జీవితకథ మూడు వాక్యాలైంది. ఆ మూడూ వినాలంటే ఒక మెట్టు పోతుంది.

మూడోది చేతులు. ఒకసారి ఒక్కటే మోయగలడు. మష్క్ భుజాన ఉన్నంతసేపు చేతిలో ఏదీ పట్టదు. బతుకుదెరువు మష్క్‌ను ఎప్పుడు కింద పడేయాలో ఆటగాడే తేల్చుకోవాలి. దాన్ని పడేయమని గేమ్ ఎక్కడా చెప్పదు.

ఈ మూడూ కలిసి ఎలా పనిచేస్తాయో దర్జీ ఇంటి సీన్ చూస్తే తెలుస్తుంది. తలుపు తట్టగానే లోపలి నుంచి గొంతు:

"ఎవర్రా ఈ యాళకు?"

"నేనే చిచ్చా, నీళ్లోన్ని. మెట్లు మునుగుతున్నయ్, లేవుర్రి."

"ఏటా వచ్చేదే గదరా. పొద్దుగాల చూద్దాం, పో."

ఇక్కడ తెరమీద రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి, "ఈసారి అట్ల గాదు చిచ్చా." రెండోది, "మీ కొడుకు ఆవలి ఒడ్డుకెళ్లి పిలుస్తున్నడు." రెండోది అబద్ధం. రెండూ చెప్పకుండా పక్క తలుపుకు వెళ్లిపోవచ్చు, అది మెనూలో ఉండదు, నడిచి వెళ్లడమే. మొదటి మాట చెప్తే దర్జీ తలుపు తీస్తాడు గానీ కదలడు. ఒళ్లో సగం కుట్టిన షేర్వానీ ఉంది. "రేపటికియ్యాలె. పైసలు గూడ తీస్కున్న." ఎంత బతిమాలినా ఇదే జవాబు, అడిగిన ప్రతిసారీ నీళ్లు పెరుగుతాయి.

అబద్ధం చెప్తే వెంట వస్తాడు. అది వద్దనుకుంటే దారి మాటల్లో లేదు. ఆ షేర్వానీ మూటను మీరు ఎత్తుకుని బయటికి నడిస్తే, దర్జీ తిట్టుకుంటూ వెంట వస్తాడు. ఇది ఎక్కడా సూచించలేదు. కనిపెట్టినవాళ్లు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. అయితే ఇప్పుడు చేతులు నిండాయి. పక్కింట్లో నిద్రపోతున్న పిల్లను ఎత్తుకోవాలంటే మూట నీళ్లలో పడేయాలి, అదీ దర్జీ చూస్తుండగానే. ఈ ఇరకాటం కోసం నేను రాసిన వాక్యాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తతిమ్మా పని "ఒక్కటే మోయగలడు" అన్న రూల్ చేసింది.

కొమ్మలు, మోడు

బ్రాంచింగ్, అంటే ఆటగాడి నిర్ణయాన్ని బట్టి కథ వేరే దారి పట్టడం, గురించి కొత్త టీములన్నింటికీ ఒకటే ఆశ: ప్రతి నిర్ణయానికీ వేరే కథ. లెక్క వేస్తే ఆ ఆశ వదులుతుంది. ప్రతిచోటా మూడు దారులు, అలాంటి చోట్లు పది అనుకుంటే 59,049 కథలు రాయాలి. కాబట్టి దారులు విడిపోయినా కొన్ని చోట్ల మళ్లీ కలపాలి. మామూలుగా ఈ కలిపే చోట్లే అతుకు కనిపిస్తుంది. "నేను ఏం చేసినా ఇక్కడికే వచ్చేవాణ్నా?" అని ఆడేవాళ్లకు మోసపోయినట్టు అనిపిస్తుంది.

చరిత్ర మీద గేమ్ రాయడంలో ఉన్న సుఖం ఇక్కడే. వరద వస్తుందని అందరికీ తెలుసు. వంతెనలు ఆగవు, చింతచెట్టు ఆగుతుంది. కలిసే చోట్లు మేం కల్పించినవి కావు, కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. వరద ఆపగలమా అన్న ప్రశ్నే లేదు. ఎవరిని వెంట తెచ్చాం అన్న దాని మీదే కథ మారుతుంది.

స్క్రిప్ట్ రాయడానికి ఇంక్ వాడాం. ఇంకిల్ స్టూడియో వాళ్లు తమ గేమ్‌ల కోసం తయారు చేసుకుని 2016లో ఓపెన్ సోర్స్‌గా, అంటే అందరూ వాడుకునేలా, ఇచ్చిన భాష అది, కోడ్ రానివాళ్లూ నేర్చుకోవచ్చు. కథను చెట్టులా గీయకుండా చిన్న చిన్న ముక్కలుగా రాసి, ప్రతి ముక్కకూ ఒక షరతు తగిలించాం. ఉదాహరణకు ఒక ముక్క ఎప్పుడు బయటికొస్తుందంటే: నాలుగు మెట్లు మునిగాయి, చేతిలో మూట ఉంది, పాలామె తలుపు తట్టలేదు. అప్పుడు పాలామె గేదె అరుపు గోడవతల నుంచి వినిపిస్తుంది. షరతు కుదరకపోతే ఆ ముక్క ఆ ఆటలో లేనట్టే. ఇలాంటివి చాలా రాయాలి, చాలామంది చాలావాటిని చూడరు. "చూడనివాటికి జీతం ఎందుకియ్యాలె?" అని ప్రొడ్యూసర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇద్దరు స్నేహితులు ఆడి, ఒకరు గేదె గురించి చెప్తే ఇంకొకరు "గేదె ఎక్కడుంది?" అని మళ్లీ ఆడతారు, అందుకు.

221 చెరువుల సంగతి ఏం చేశామో కూడా చెప్పాలి. పాత వెర్షన్‌లో అది లోడింగ్ స్క్రీన్ మీద ఉండేది. ఇప్పుడు ఆ అంకె కథలో ఎక్కడా లేదు. రాత్రి మొదట్లో పై ఊరి నుంచి ఒక రైతు ఎడ్లను తోలుకుని గల్లీలోకి వస్తాడు. "మా చెరువు తెగింది" అంటాడు. కాసేపటికి ఇంకొకామె, వేరే ఊరు, అదే మాట. మూడోవాడు వచ్చి నోరు తెరవకముందే ఆడేవాళ్లు మెట్ల వైపు తిరగడం ప్లేటెస్ట్ వీడియోల్లో కనిపిస్తుంది. అంకె తెలుసుకోవాలనుకునేవాళ్లకి మెనూలో చరిత్ర పేజీ విడిగా ఉంది.

మార్కులు వేయాలా?

పెద్ద గొడవ చివరి సీన్ దగ్గర. తెల్లవారుతుంటే బతికినవాళ్లు చింతచెట్టు మీద ఉంటారు. పాత వెర్షన్‌లో అక్కడ రిజల్ట్ వచ్చేది, 32 మందిలో ఇంతమందిని కాపాడారు అని. వేల మంది నిజంగా పోయిన రాత్రికి మార్కుల షీటు ఏమిటని నాకు ఒళ్లు మండింది. ప్రొడ్యూసర్ వాదన వేరు. తను చేసినదానికి ఫలితం కనిపించకపోతే, నిర్ణయాలన్నీ ఉత్తుత్తివే అనుకుంటారని. అతని మాటలో నిజముంది. 2012లో టెల్‌టేల్ స్టూడియో వాళ్ల ది వాకింగ్ డెడ్ గేమ్ తెర మూల మీద "ఈమె దీన్ని గుర్తుపెట్టుకుంటుంది" అని ఒక్క లైను వేసి ఎంతమందిని కట్టిపడేసిందో ఈ వృత్తిలో అందరికీ తెలుసు. అలాంటి లైన్లలో చాలావాటికి తర్వాత పెద్దగా ఫలితం ఉండదు కూడా. అయినా మాట ఇచ్చినట్టు ఉంటుంది, అది చాలు.

చివరికి అంకె తీసేశాం, దాని పని మనుషులకు అప్పగించాం. చెట్టు మీద ఉన్నవాళ్లు లేనివాళ్ల గురించి అడుగుతారు. "పాలామె ఏదిరా?" "దర్జీ చిచ్చా నీ యెంబడి రాలేదా?" ఎవరు ఎవరిని ముందు అడగాలన్నదానికి ఒక వరస పెట్టాం. మీరు తలుపు దాకా వెళ్లి వదిలేసినవాళ్ల పేరు మొదట వస్తుంది. అసలు ఆ వైపే వెళ్లని ఇళ్ల సంగతి ఆ తర్వాత. అందరినీ తెచ్చినవాళ్లకు (సాధ్యమే, కష్టం) ఎవరూ ఏమీ అడగరు, చెట్టు మీద మామూలు కబుర్లు నడుస్తాయి. అబద్ధం చెప్పి దర్జీని తెచ్చినవాళ్లను "నా కొడుకేడిరా?" అని అడుగుతాడు. అక్కడ ఛాయిస్‌లు ఇవ్వలేదు. అబద్ధానికి శిక్ష వేయాలని టీమ్‌లో ఒకరు గట్టిగా పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు. మనిషి బతికాడు కదా.

తెలుగు తెర మీద

తెలుగులో గేమ్ చేయాలనుకునే వాళ్లకు ఈ భాగం పనికొస్తుంది. గేమ్‌ను యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో (గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్) చేస్తున్నాం. అందులో అక్షరాలు చూపించడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు అక్షరాలను కలిపి చూపించదు. వత్తులు పక్కకు జారిపోతాయి, "స్త్రీ" మూడు ముక్కలవుతుంది. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీతో అక్షరాలను కూర్చి తెర మీదకు పంపితే సరిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి గోడో 4 అనే ఇంకో ఇంజిన్ చూడమని చెప్తాను, అందులో ఈ ఏర్పాటు లోపలే ఉంది.

అంతటితో అయిపోలేదు. డైలాగ్‌ను టైప్‌రైటర్‌లా ఒక్కో అక్షరం చూపించే కోడ్ ఇంగ్లిష్ కోసం రాసింది. తెలుగులో "క్షమించు" వస్తుంటే ముందు క, తర్వాత పొల్లు, ఆ తర్వాత అది మారిపోయి క్ష. ఏడుస్తూ చెప్పే మాట కూడా నవ్వు తెప్పించేది. పదానికి పదం చూపించేలా మార్చాం, మాట్లాడే లయకూ అదే దగ్గరగా ఉంది.

పిలుపుల సంగతి దీనికంటే తిప్పలు. ఇంగ్లిష్‌లో ఒక లైను రాస్తే అందరికీ సరిపోతుంది. ఇక్కడ భిష్తీ దర్జీని చిచ్చా అంటాడు, ముసలమ్మను అవ్వా అంటాడు, పెద్దింటి డ్యోఢీ (హవేలీ) ముందు, ఆడవాళ్లు తెర చాటుకు తప్పుకోవాలని, "పర్దా" అని కేకేసి గానీ లోపలికి అడుగుపెట్టడు. వరద ముదిరాక ఆ కేక వేయకుండా దూసుకుపోవచ్చు, అది జరిగిందని గేమ్ గుర్తుపెట్టుకునే ఒక ఫ్లాగ్ ఉంది, డ్యోఢీలోని బేగం దాన్ని చెట్టు మీద గుర్తుచేస్తుంది. కొందరితో తెలుగు, కొందరితో దక్కనీ (హైదరాబాదీ ఉర్దూ) మాట్లాడతాడు. దక్కనీ మాటలనూ తెలుగు లిపిలోనే చూపించాం, అర్థం కింద వేయలేదు. హైదరాబాద్‌లో ఆడినవాళ్లకు అడ్డు రాలేదు. విజయవాడ, విశాఖ నుంచి వచ్చినవాళ్లకు ఒకటి రెండు చోట్ల అర్థం కాలేదు, అక్కడ మాట మార్చకుండా పాత్ర చేతి సైగను మార్చాం.

ఇప్పటి పరిస్థితి

తర్వాతి ప్లేటెస్ట్‌లో మళ్లీ అదే ప్రశ్న అడిగాను. ఈసారి జవాబుల్లో మనుషులు వచ్చారు. "షేర్వానీ పడేసిన సార్, ఆయన మొహం చూడలేకపోయిన." "పాలామె దగ్గరికి పోదామనుకున్న, అవ్వతో మాట్లాడుతుంటే టైం అయిపోయింది." కర్త ఇప్పుడూ "నేను"నే. మేక మాత్రం ఇప్పటికీ ఉంది, దించడం కూడా వస్తుంది. ఆ ప్రభావం పోవద్దని టీమ్ దాన్ని కావాలనే ఉంచింది. నేను అడ్డు చెప్పలేదు.

మధ్య భాగం ఇంకా లాగుతోంది. మూడో మెట్టుకూ ఐదో మెట్టుకూ మధ్య కొన్ని ఆటల్లో ఏ షరతూ కుదరక గల్లీ ఖాళీగా ఉండిపోతోంది. అక్కడికి ఇంకా ముక్కలు రాస్తున్నాం. సేవ్ విషయంలోనూ తర్జనభర్జన నడుస్తోంది. ఎప్పుడు పడితే అప్పుడు సేవ్ చేయనిస్తే ఒక్కొక్కరిని కాపాడి, వెనక్కి వెళ్లి, ఇంకొకరిని కాపాడి అందరినీ చెట్టెక్కిస్తున్నారు. అప్పుడు ఇరకాటమే మిగలదు. ప్రస్తుతానికి మొదటిసారి ఆడేటప్పుడు ఒక్కటే సేవ్, అదీ గేమ్ తనంతట తానే చేసుకుంటుంది. ఒకసారి పూర్తి చేసినవాళ్లకు ఏ మెట్టు దగ్గర నుంచైనా మళ్లీ మొదలుపెట్టే వీలిచ్చాం. బస్సులో ఆడుతూ మధ్యలో ఫోన్ వస్తే ఏం చేయాలన్న ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. మెట్రోలో అమీర్‌పేట నుంచి నాగోల్ వెళ్లే లోపు ఒక ఆట అయిపోయేలా కుదిస్తే సరిపోతుందని ప్రోగ్రామర్ అంటున్నాడు, ఈ నెల తయారయ్యే వెర్షన్‌లో అది ప్రయత్నిస్తున్నాం.